జలగ తాగేది చెడ్డ నెత్తురేనా?

శ్రోతలకు నమస్కారం.

మాది కోవూరు దగ్గర పల్లె. చిన్నప్పుడు నాట్ల రోజుల్లో మడిలో దిగితే కాళ్లకు జలగలు పట్టేవి. పట్టిన సంగతి తెలిసేది కాదు. గట్టెక్కాక పిక్క మీదుగా సన్నగా నెత్తురు కారుతుంటే చూసుకుని కేకలు పెట్టేవాణ్ని. మా అవ్వ కొంగు ముడి విప్పి చిటికెడు ఉప్పు దాని మీద చల్లేది. అది మెలికలు తిరిగి, తాగిందంతా కక్కి ఊడిపడేది. "ఊరుకోరా అబ్బయా, చెడ్డ నెత్తురేగా తాగింది, ఒంటికి మంచిదే" అనేది.

తర్వాత నేను ముప్పై ఏళ్లు నెల్లూరులో జువాలజీ పాఠాలు చెప్పాను. జలగల వైద్యం మాట ఎత్తితే చాలు, అందరూ మా అవ్వ మాటే అడుగుతారు. "సార్, అది చెడ్డ రక్తాన్నే ఏరుకుని తాగుతుందంట గదా?" ఈ మాట పల్లెటూళ్లో పుట్టింది కాదు. అష్టాంగహృదయమనే పాత ఆయుర్వేద గ్రంథంలో వాగ్భటుడే అన్నాడు, నీళ్లు కలిసిన పాలలోంచి హంస పాలను తీసుకున్నట్టు జలగ ముందు చెడ్డ రక్తాన్నే లాగుతుందని. ఉపమానం అందమైనదే. కానీ జలగ నోట్లో ఉన్నవి మూడు దవడలు, వాటి నిండా సన్నని పళ్లు. వడపోసే ఏర్పాటేమీ లేదు. అక్కడ ఏ నెత్తురుంటే అదే తాగుతుంది.

మరి పెద్దాస్పత్రుల్లో దాన్నెందుకు పెడుతున్నారు? గడ్డి కోసే మిషన్లో ఒకరి వేలు తెగిందనుకోండి. డాక్టర్లు మైక్రోస్కోపు కింద దాన్ని మళ్లీ అతికిస్తారు. నెత్తురు తెచ్చే ధమనికి గోడ గట్టిది, కుట్టు నిలుస్తుంది. వెనక్కి తీసుకెళ్లే సిరలు మాత్రం తడిసిన కాగితంలా ఉంటాయి, దొరకడమే కష్టం. అప్పుడేమవుతుంది? కాలువ చెరువులోకి పారుతూనే ఉంటుంది, ఎక్కువైన నీళ్లు బయటికి పోయే కలుజు పూడిపోయింది. వేలు ఉబ్బి, నేరేడుపండు రంగుకు తిరుగుతుంది. అట్లాగే వదిలేస్తే చచ్చిపోతుంది. అక్కడ ఒక జలగను పట్టిస్తే అదే తాత్కాలికంగా కలుజు. నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పైన, కొత్త సిరలు దారి చేసుకునేదాకా పని నడిపిస్తుంది.

అది తాగేది 5 నుంచి 15 మిల్లీలీటర్లే. అసలు పని అది ఊడిపోయాక జరుగుతుంది. దాని లాలాజలంలో నెత్తురు గడ్డకట్టనీయని పదార్థం ఉందని 1884లో జాన్ హేక్రాఫ్ట్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. దాని పేరు హిరుడిన్. అందుకే కాటు నుంచి గంటల తరబడి నెత్తురు ఊరుతుంటుంది. పాపం మా అవ్వ పసుపు అద్ది, గుడ్డ కట్టి, అయినా ఆగకపోతే నన్నే తిట్టేది.

ఒకవేళ పాడైంది ధమని అయితే? చెరువుకు నీళ్లే రానప్పుడు కలుజు తెరిచి ఏం లాభం? అలాంటి చోట జలగ సరిగా పట్టదు కూడా. అది మొహం తిప్పుకుందంటే సర్జన్‌కు అనుమానం రావాల్సిందే.

1985లో అమెరికాలోని బోస్టన్‌లో జోసెఫ్ అప్టన్ అనే సర్జన్, కుక్క కొరికేసిన ఒక ఐదేళ్ల పిల్లవాడి చెవిని అతికించి, అది నల్లబడుతుంటే జలగలతో కాపాడాడు. ఇప్పుడు ముక్కుకు, పెదవికి, రొమ్ము ఆపరేషన్లో అతికించిన చర్మానికి కూడా అవసరమైతే పెడతారు. ముఖం మీద పెడితే నర్సుకు టెన్షనే. జలగకు పాకే బుద్ధి, చీకటిగా కనబడే ముక్కురంధ్రమంటే ఇష్టం. అందుకని ముక్కులో గాజుగుడ్డ పెట్టి, చుట్టూ గుడ్డ పరిచి మధ్యలో చిన్న కన్నం వదులుతారు. ఎన్ని పెట్టారో, ఎన్ని తీశారో లెక్క రాసుకుంటారు. అతికించిన భాగానికి స్పర్శ ఉండదు గనుక రోగికి నొప్పి తెలియదు. చూస్తేనే గుండె దడ.

మోకాలి నొప్పికి కూడా జలగలు పెడతారు, దాని సంగతి వేరు. అక్కడ పూడిన కలుజు లేదు. అరిగిన మోకాళ్ల నొప్పితో ఉన్న 51 మందితో జర్మనీలో చేసిన పరీక్ష 2003లో అచ్చయింది. జలగలు పెట్టినవాళ్లకు వారంలో నొప్పి బాగా తగ్గింది. నాకు ఒక సందేహం మాత్రం పోలేదు. మాత్రల పరీక్షలో అయితే ఉత్తి మాత్ర ఇచ్చి పోల్చవచ్చు, ఉత్తుత్తి జలగను ఎక్కడ తెస్తాం? జలగ పట్టిందని రోగికి తెలిసిపోతుంది గదా.

ఆయుర్వేదంలో ఇది పాత విద్య. సుశ్రుతుడు జలగలకు ఒక అధ్యాయమే కేటాయించాడు. పన్నెండు రకాలు చెప్పి, అందులో ఆరు విషపువి, వాటి జోలికి పోవద్దన్నాడు. ఆ జాగ్రత్త ఇప్పటికీ కావాలి. జలగ కడుపులో ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. దానికది అరుగుదలకు పనికొస్తుంది, మనకు మాత్రం పుండు చీము పట్టిస్తుంది. అందుకే ఆస్పత్రిలో ముందే యాంటీబయాటిక్ ఇస్తారు. ఒకరికి వాడిన జలగను మరొకరికి వాడరు, స్పిరిట్‌లో వేసి చంపేస్తారు. ఉప్పు చల్లి లాగకూడదు, కక్కిందంతా గాయంలోకే పోతుంది. ఇందులో మా అవ్వది తప్పే. కనిగిరి రిజర్వాయరు కాలువలోంచి పట్టుకొచ్చి మోకాలికి అంటించుకుందామనుకునేవాళ్లు దయచేసి ఆ పని చేయకండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, రక్తహీనత ఉన్నవాళ్లు, గర్భిణులు అసలే వద్దు. షుగరు ఉంటే డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు.

అమెరికా ప్రభుత్వం 2004లో జలగకు అనుమతి ఇస్తూ దాన్ని వైద్య పరికరాల పట్టికలో చేర్చింది. అంటే కత్తెర, సూది వరసలో అదీ ఒకటి.

మూడు దవడల కాటుకు గుర్తుగా మూడు గీతలు ఒకచోట కలిసిన మచ్చ పడుతుంది, బెంజి కారు గుర్తులాగా. నా ఎడమ పిక్క మీద అలాంటిది ఒకటి మిగిలింది. జలగ పాఠం వచ్చిన రోజు ప్యాంటు పైకి మడిచి అదే చూపించేవాణ్ని. బోర్డు మీద బొమ్మ వేసే పని తప్పేది.

సెలవు.