నిలువు గీతకి కుడిపక్కన ఏం రాశారు?

అందరికీ నమస్కారం. ఇంటర్ సెకండియర్‌లో కండిషనల్ ప్రాబబిలిటీ చదివి ఎంసెట్ అయిన మర్నాడే మర్చిపోయాం కదా, ఒక షరతు నిజమైతే ఇంకోటి జరిగే అవకాశమెంత అనే లెక్క అది, మధ్యలో ఓ నిలువు గీత, దానికి ఎడమపక్కన అవకాశం చూసేది, కుడిపక్కన షరతు ఉండేది. ఇవాళ ఆడవాళ్ళ, మగవాళ్ళ జీతాల తేడా గురించి మాట్లాడటానికి నాకు ఆ కుడిపక్క ఒక్కటి చాలు, మిగతా సూత్రాలతో పనిలేదు, టెన్షన్ పడకండి.

ఒక కంపెనీ అనుకుందాం. ఊహే, గచ్చిబౌలిలో వెతక్కండి. మగవాళ్ళు 100, ఆడవాళ్ళు 100. సీనియర్లు మగవాళ్ళలో 60 మంది, ఆడవాళ్ళలో 20 మంది. ఎవరైనా సరే సీనియర్‌కి ఏడాదికి 20 లక్షలు, జూనియర్‌కి 8 లక్షలు. హెచ్‌ఆర్ వాళ్ళు స్లైడు వేసి ఒకే గ్రేడుకి ఒకే జీతం, తేడా సున్నా అంటారు. అబద్ధమేమీ కాదు. గ్రేడు తీసేసి సగటు కట్టండి: మగవాళ్ళకి 15.2 లక్షలు, ఆడవాళ్ళకి 10.4, అంటే ఆయనకి వంద వస్తే ఆవిడకి 68. గ్రేడు ఎవరికిచ్చారన్నదే గొడవైనప్పుడు దాన్నే తీసుకెళ్ళి షరతుగా పెడితే, గొడవ లెక్కలో కనిపించకుండా పోతుంది.

ఇంకో చిత్రం, 'మా సీనియర్లలో నాలుగో వంతు ఆడవాళ్ళే' అని గొప్పగా చెప్తారు, 80 మందిలో 20, నిజమే. గీతకి అటూ ఇటూ మార్చి చూడండి, ఆడవాళ్ళలో సీనియర్ అయింది ఐదో వంతే, మగవాళ్ళలో ఐదింట మూడు వంతులు.

అలాగని షరతులన్నీ మోసమనకండి. 1973లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో పీజీ సీట్లు అప్లై చేసిన మగవాళ్ళలో 44 శాతానికి, ఆడవాళ్ళలో 35 శాతానికి వచ్చాయి. డిపార్ట్‌మెంట్ల వారీగా చూస్తే ఆ తేడా దాదాపు పోయింది, ఎక్కువమంది అమ్మాయిలు సీటు దొరకడం కష్టమైన డిపార్ట్‌మెంట్లకి అప్లై చేశారు మరి. అక్కడ డిపార్ట్‌మెంట్ ఎంచుకున్నది అప్లై చేసినవాళ్ళు. గ్రేడు అలా కాదు, మేనేజర్ ఇచ్చేది.

మన దగ్గర రాత్రి అమెరికా కాల్ ఎవరు తీసుకుంటారో, ప్రమోషన్ లిస్టులో ఎవరుంటారో ఓసారి పక్కపక్కన పెట్టి చూడండి. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ అమెరికా లెక్కలు తిరగేసి తేల్చిందీ దీనికి దగ్గరిదే, మొదటి బిడ్డ పుట్టాకే జీతాల తేడా బాగా పెరుగుతోందని. మన సమాన వేతన చట్టం 1976లో వచ్చింది, అందులో ప్రమోషన్ల మాట చేర్చింది 1987 సవరణలో, 2025లో దాని చోట వేతనాల కోడ్ అమల్లోకొచ్చింది.

ఈసారి ఆ స్లైడు వేస్తే ఒకటి అడగండి: ఒకే ఏడాది ఒకే గ్రేడులో చేరినవాళ్ళలో ఐదేళ్ళకి సీనియర్లయింది ఎందరు, ఆడవాళ్ళెందరు, మగవాళ్ళెందరు. పదిమంది టీమైతే మాత్రం ఒక్కరు అటూ ఇటైనా శాతం ఎగిరిపడుతుంది, దాన్ని పట్టుకుని పోట్లాటకి దిగకండి.