పరారుణంలో ఎక్స్‌పోజర్ లెక్క: చుక్క కంటే ముందు ఆకాశం

అందరికీ నమస్కారం. టెలిస్కోపు సమయం కోసం దరఖాస్తు రాయబోయే విద్యార్థులే ఇక్కడ ఎక్కువ కాబట్టి, నేరుగా లెక్కలోకి దిగుదాం.

మామూలు కాంతిలో చీకటి ఆకాశం చదరపు ఆర్క్‌సెకండుకు (ఆర్క్‌సెకండు అంటే డిగ్రీలో 3,600వ వంతు) 21, 22 మాగ్నిట్యూడ్ల దగ్గర ఉంటుంది. మాగ్నిట్యూడ్ వెలుగు కొలత, అంకె తగ్గే కొద్దీ వెలుగు ఎక్కువ. కె బ్యాండు అనే పరారుణ పట్టీలో, అంటే 2.2 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అది సుమారు 13. పట్టపగలు చుక్కలు వెతకడమే ఇది. ఈ వెలుగు రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి దాదాపు 90 కిలోమీటర్ల ఎత్తులో మెరిసే హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన ఓహెచ్ అణువు). అది నిమిషాల్లో మారిపోతుంది. దాన్ని అలా మార్చేవి పైవాతావరణంలో లేచే అలలు. తిరుపతి దగ్గరి గాదంకిలో పైవాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ వాళ్లకు అవి పరిశోధన సరుకు, మనకేమో చెత్త. రెండోది వేడి: గాలిది, అద్దానిది, టెలిస్కోపు గొట్టానిది. ఒకే అద్దం మే నెల తిరుపతి రాత్రిలో 30 డిగ్రీల దగ్గర ఉంటే, మైనస్ 10 దగ్గర ఉన్నప్పటి కంటే 2.2 మైక్రాన్లలో దాదాపు 26 రెట్లు ఎక్కువ వెలుగుతుంది. తేమ సంగతి వేరే చెప్పాలా? అందుకే రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపును లద్దాఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున పెట్టారు. దాన్ని నడిపేది మాత్రం చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్లే దారిలోని హోస్కోటె దగ్గర నుంచే.

ఇప్పుడు లెక్క. రెండు మీటర్ల అద్దం, మొత్తం సామర్థ్యం 30 శాతం అనుకుందాం. కె బ్యాండులో సున్నా మాగ్నిట్యూడ్ నక్షత్రం డిటెక్టర్‌లో సెకనుకు సుమారు 100 కోట్ల ఎలక్ట్రాన్లు ఇస్తుంది. 17.5 మాగ్నిట్యూడ్ చుక్క ఇచ్చేది వంద. ఆకాశం చదరపు ఆర్క్‌సెకండుకు 6,300. సీయింగ్, అంటే గాలి కదలిక వల్ల చుక్క పరుచుకునే వెడల్పు, ఒక ఆర్క్‌సెకండు ఉన్నప్పుడు, ఒక ఆర్క్‌సెకండు వ్యాసార్ధమున్న వృత్తంలో కొలిస్తే ఆకాశం వాటా దాదాపు 20,000. చుక్క వంద, ఆకాశం ఇరవై వేలు! నాయిస్, అంటే కొలతలో వచ్చే హెచ్చుతగ్గులు, పోగైన మొత్తం ఎలక్ట్రాన్ల సంఖ్యకు వర్గమూలం. సిగ్నల్ అంటే అందులో చుక్క వాటా. సిగ్నల్ నాయిస్‌కు పది రెట్లు కావాలంటే సుమారు 200 సెకన్లు పడుతుంది. చుక్క 20 మాగ్నిట్యూడ్‌ది అయితే సిగ్నల్ పదో వంతు, సమయం వంద రెట్లు, అంటే ఐదున్నర గంటలు. సీయింగ్ రెండింతలైతే వృత్తం వైశాల్యం నాలుగింతలు, సమయమూ నాలుగింతలే.

200 సెకన్లు వచ్చాయని షటర్ 200 సెకన్లు తెరవకండి. పిక్సెల్ 0.3 ఆర్క్‌సెకండ్లదైతే ఆకాశం ఒక్కటే దాన్ని సెకనుకు 570 ఎలక్ట్రాన్లతో నింపుతుంది. డిటెక్టర్ 60 వేల దాకా సరళంగా స్పందిస్తుందనుకుంటే వంద సెకన్లకే ఆ హద్దు దాటిపోతాం. ఆలోపే ఆకాశం కూడా మారిపోతుంది. పది సెకన్ల ఫ్రేములు చాలు. పది సెకన్లలో 5,700 ఎలక్ట్రాన్లు, వాటి నాయిస్ 75. ఫ్రేము చదివేటప్పుడు డిటెక్టర్ కలిపే రీడ్ నాయిస్ 20 ఉన్నా అందులో కలిసిపోతుంది. జె బ్యాండులో, అంటే 1.25 మైక్రాన్ల దగ్గర, ఆకాశం చీకటి కాబట్టి పిక్సెల్‌కు సెకనుకు వందే వస్తాయి. అక్కడ పది సెకన్లు తక్కువ. రీడ్ నాయిస్ వర్గం, అంటే 400, ఆకాశంలో పదో వంతుకు దిగాలంటే 40 సెకన్లు కావాలి.

ఫీల్డులో ఎనిమిదో మాగ్నిట్యూడ్ చుక్క ఉందేమో ముందే చూసుకోండి. దాని నడిమి పిక్సెల్ సెకను, సెకనున్నరలోనే హద్దు దాటుతుంది. తర్వాతి ఫ్రేముల్లోనూ దాని నీడ మిగిలిపోయి, దయ్యపు చుక్కలా కొత్త మూలాన్ని కనిపెట్టిన భ్రమ కలిగిస్తుంది.

ఆకాశాన్ని తీసేయడానికి టెలిస్కోపును కొద్దికొద్దిగా జరుపుతూ తీస్తాం, అదే డిథరింగ్. రెండే ఫ్రేములు తీసి ఒకదాన్నుంచి ఇంకోటి తీసేస్తే నాయిస్ వర్గం రెండింతలై, 200 సెకన్లు కాస్తా 400 అవుతాయి. తొమ్మిది చోట్ల తీసి, మిగతా ఎనిమిదింటి నుంచి ఆకాశం కడితే 225 సరిపోతాయి. చోటుకు మూడు ఫ్రేముల చొప్పున తీస్తే 270 సెకన్లు, కొంచెం చేతిలో మిగులుతుంది. నెబ్యులా (వాయుమేఘం) ఫ్రేమంతా పరుచుకుని ఉంటే ఈ పద్ధతి నెబ్యులానే తీసేస్తుంది. పక్కనున్న ఖాళీ ఆకాశానికి వెళ్లి విడిగా తీయాలి, సమయం రెట్టింపు అడగాలి. టెలిస్కోపు జరిగి నిలబడే సమయాన్నీ, ఫ్రేము చదివే సమయాన్నీ వీటి మీద కలపండి. చాలామంది మరిచిపోయేది ఇదే.

దీనికంటే పెద్ద తప్పు మాగ్నిట్యూడ్ పద్ధతులు కలిపేయడం. సున్నాను ఎక్కడ పెట్టాలన్నదానికి రెండు పద్ధతులున్నాయి: వేగా నక్షత్రాన్ని ఆధారం చేసుకునేది వేగా పద్ధతి, స్థిరమైన కాంతి ప్రవాహాన్ని ఆధారం చేసుకునేది ఏబీ పద్ధతి. ఇంతదాకా మనం వాడింది వేగా. కె బ్యాండులో ఏబీ అంకె వేగా అంకె కంటే సుమారు 1.85 ఎక్కువ. గెలాక్సీ పట్టికలోని ఏబీ 19.35 అంటే వేగాలో 17.5. ఏబీ అంకెను లెక్కలో వేగా అంకె స్థానంలో వేస్తే 200 సెకన్లకు బదులు దాదాపు గంటా నలభై నిమిషాలు అడుగుతారు. తిరగేసి పొరపాటు పడితే కావలసిన సమయంలో 30వ వంతే దొరుకుతుంది, చుక్క కనపడకుండానే రాత్రి అయిపోతుంది.