మానేసిన ముద్ద ఎవరి కంచంలోకి?

శ్రోతలకు నమస్కారం.

క్రైస్తవుల ఉపవాస కాలం మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజు దాకా లెక్కపెడితే 46 రోజులు వస్తాయి. అందులో ఆరు ఆదివారాలు తీసేస్తే 40. ఆదివారం యేసు తిరిగి లేచిన రోజు కాబట్టి ఆ రోజుని ఉపవాసంలో కలపరు. ఈ 40 రోజుల్ని మన సంఘాల్లో శ్రమల దినాలంటారు, లెంటు దినాలంటారు. కతోలికులు తపస్సు కాలం అంటారు. సాయంత్రాలు ఇంటింటి కూడికలు, శుక్రవారాలు ఉపవాస ప్రార్థన, కతోలిక గుడిలో యేసు శ్రమల్ని తలుచుకునే 14 స్థలాల సిలువ మార్గం, చివరికి శుభ శుక్రవారం మధ్యాహ్నం యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు. అంతా బాగానే ఉంది. నాకు అడగాలనిపించేది మాత్రం ఒకటుంది. మానేసిన ఆ భోజనం ఎటు పోయింది?

నలభై రోజులు మాంసం మానేస్తాం. ఈస్టర్ నాడు రెండింతలు తెచ్చుకుంటాం. శుక్రవారం పొద్దుటి టిఫిన్ మాని, కూడిక కాగానే పులిహోర దగ్గర వరస కడతాం. ఆ పులిహోర కలిపినావిడ సంగతి ఎవరికీ పట్టదు. ఉపవాసం లేని ఇంట్లోవాళ్లకి కూరా చారూ వండి, పోపు వాసన పీలుస్తూనే పస్తుండి గుడికొచ్చింది ఆవిడ. ఆవిడ ఉపవాసం ముందు మగవాళ్ల ఉపవాసం ఏపాటిది చెప్పండి!

మత్తయి సువార్త 6వ అధ్యాయంలో యేసు మూడు సంగతులు చెప్పాడు. ధర్మం, ప్రార్థన, ఉపవాసం. ధర్మమే మొదట వచ్చింది. మూడింటికీ షరతు ఒక్కటే, పదిమందీ చూడాలని చేయొద్దు. ఉపవాసం ఉన్నప్పుడు తలకి నూనె రాసుకో, ముఖం కడుక్కో అన్నాడు. అప్పట్లో వాట్సాప్ స్టేటస్ లేదు గానీ, ముఖం వేలాడేసుకుని తిరగడం ఉండేది మరి.

అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే బైబిల్లోని యెషయా గ్రంథం 58వ అధ్యాయం ఇంకా సూటిగా మాట్లాడింది. మేం ఉపవాసం ఉంటే నువ్వెందుకు చూడవని జనం దేవుణ్ణి నిలదీస్తారు. ఉపవాసం నాడు కూడా మీ పనివాళ్లని పిండుకుంటున్నారు, కొట్లాడుకుంటున్నారు అని జవాబొస్తుంది. తాను పస్తుండి, జ్వరమొచ్చి రాలేకపోయిన పనిమనిషికి ఆ రోజు నాగా కోసే యజమాని ఈ అధ్యాయం చదివితే తల ఎత్తలేడు. ఆకలిగా ఉన్నవాడికి నీ అన్నం పెట్టడమే నాకిష్టమైన ఉపవాసం అంటాడు అక్కడ దేవుడు.

తొలినాటి క్రైస్తవులు దీన్ని మాటవరసకి వదల్లేదు. రెండో శతాబ్దంలో ఏథెన్సుకి చెందిన అరిస్టైడిస్ రోమా చక్రవర్తికి రాసుకున్న విన్నపంలో తమవాళ్ల తీరు చెప్పాడు. తమలో ఎవరికైనా తిండి లేకపోయి, పెట్టడానికి తమ దగ్గరా మిగులు లేకపోతే, రెండు మూడు రోజులు పస్తుండి ఆ తిండి అతనికి పంపేవాళ్లట. అదే శతాబ్దంలో రోములో హెర్మాస్ అనే ఆయన ఇంకో అడుగు వేశాడు. ఉపవాసం నాడు రొట్టె, నీళ్లు మాత్రం తీసుకుని, ఆ రోజు తినబోయిన వంటకాల ఖరీదు లెక్కగట్టి భర్త పోయినావిడకో, అనాథకో ఇవ్వమన్నాడు. రంజాను పండుగ నమాజుకి ముందే పేదలకి ఫిత్రా దానం ఇచ్చే ముస్లిం శ్రోతలకి ఈ లెక్క వింతగా తోచదు.

మన దేశంలోనే మిజోరంలో ఉంది అసలు చూడాల్సిన పద్ధతి. అక్కడి ప్రెస్బిటేరియన్ అనే క్రైస్తవ సంఘం కుటుంబాల్లో 1910 ప్రాంతం నుంచి, అన్నం వండబోయే ప్రతిసారీ, కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో పోస్తారు. సంఘం స్త్రీలు ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం పోగు చేస్తారు. అమ్మగా వచ్చిన డబ్బు సంఘం పనికి వెళుతుంది. ఇందులో కిటుకల్లా ఆ గుప్పెడు వండకముందే తీయడం. తిన్నాక మిగిలింది ఇవ్వడానికి నియమం అక్కర్లేదు. చుట్టాలొచ్చి బియ్యం చాలనినాడూ, అత్తాకోడళ్లకి మాటల్లేనినాడూ కూడా చెయ్యి ఆ డబ్బా వైపు వెళ్లాలి. చూసి మెచ్చుకునేవాళ్లు వంటింట్లో ఎవరుంటారు?

మనవైపు చూస్తే, 1912లో దోర్నకల్ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారి సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల కూలీలే. లేనివాళ్లు కదా అని ఇవ్వడం నుంచి వాళ్లని ఆయన మినహాయించలేదు. లేదని మినహాయించడంలో కాస్త చిన్నచూపు కూడా ఉంటుందని నాకనిపిస్తుంది. కోతల పండుగకి ధాన్యమూ కోళ్లూ గుడికి వచ్చేవి.

షుగరుకి మందులు వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు పస్తుండాలని పంతం పట్టొద్దు. డాక్టరు వద్దంటే వద్దే. గుప్పెడు బియ్యం తీయడానికి ఏ జబ్బూ అడ్డం రాదు. పస్తుండగలిగినవాళ్లు మాత్రం, శుక్రవారం మానేసే భోజనం ఖర్చు ఎవరికి చేరాలో గురువారమే అనుకోండి. లేకపోతే ఆ డబ్బు శనివారం కూరగాయల్లో కలిసిపోతుంది. ఆ ఇంటికి వెళ్లినప్పుడు ఇవి ఉపవాసం డబ్బులని చెప్పకండి. పాత బాకీ తీర్చినట్టు ఇచ్చేసి రండి.

ఉంటాను, నమస్కారం.