అగ్రిమెంట్ అయిపోతే వెళ్లడం ద్రోహమా?

మొన్న మారతహళ్లిలో టీ తాగుతూ మావాడొకడు మళ్లీ అదే పాట. "ఈ ఫుట్‌బాల్ ప్లేయర్లకి క్లబ్ మీద ప్రేమ ఉండదురా, డబ్బెక్కడుంటే అక్కడికి పోతారు." అన్నదెవరు? ఓనర్ అద్దె రెండు వేలు పెంచాడని పోయిన నెలే ఇల్లు మారినవాడు! సరే, ఆ ఇంటితోనే చెప్తాను.

బెంగళూరులో పదకొండు నెలల అగ్రిమెంట్ మనకి తెలిసిందే. ప్లేయర్ కాంట్రాక్టూ అలా గడువు పెట్టి రాసుకునేదే. గడువు మధ్యలో వెళ్లాలంటే కొత్త క్లబ్ పాత క్లబ్‌కి డబ్బు కట్టాలి. గడువు తీరాక అక్కర్లేదు.

ఒకప్పుడు యూరప్‌లో తీరినా వదిలేవాళ్లు కాదు. 1990లో బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్‌కి లియేజ్ క్లబ్‌తో కాంట్రాక్ట్ అయిపోయింది. మళ్లీ ఉంటే ఇస్తామన్న జీతం పాతదాంట్లో నాలుగో వంతు. ఫ్రాన్స్‌లో డంకర్క్ క్లబ్‌కి పోదామంటే కొత్త క్లబ్ పాత క్లబ్‌కి కట్టాల్సిన ఫీజు దగ్గర వ్యవహారం ఆగిపోయింది. అంటే మీరు సామాన్లు సర్దేశారు, ఓనర్ గేటుకి తాళం వేసి, "నీ కొత్త ఓనర్‌ని నాకు డబ్బు కట్టమను, అప్పుడు తీస్తా" అంటున్నాడు. పెయింటింగ్ పేరు చెప్పి అడ్వాన్స్‌లో కోసేసే ఓనర్లని చూశాను గానీ, ఇది మరీ దారుణం! బోస్మన్ కోర్టుకెక్కాడు. 1995 డిసెంబర్ 15న యూరోపియన్ కోర్టులో గెలిచాడు: గడువు తీరాక ఫీజు అడగడం కుదరదని. అప్పటికి పాపం అతని ఆట అయిపోయింది.

ఇప్పుడైతే ఆఖరి ఆరు నెలల్లో వేరే క్లబ్‌తో మాట్లాడుకోవచ్చని ఫిఫా నియమాల్లోనే ఉంది. టు-లెట్ బోర్డులు చూసుకుంటూ తిరగడం వెన్నుపోటా?

విశ్వాసమంటే ఇక్కడ అందరూ సునీల్ ఛెత్రీ పేరే చెప్తారు. బెంగళూరు ఎఫ్‌సీ పుట్టిన 2013 నుంచీ ఇక్కడివాడే, మధ్యలో ముంబై జట్టుకి ఆడొచ్చినా. అంతకుముందో? మోహన్ బగాన్, జేసీటీ, ఈస్ట్ బెంగాల్, డెంపో, అమెరికాలో కాన్సాస్ సిటీ, పోర్చుగల్‌లో స్పోర్టింగ్... బ్రోకర్ కూడా అన్ని ఇళ్లు చూపించడు! నచ్చిన ఇల్లు దొరికాక ఆగాడు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్తా. 2021లో మెస్సీ సగం జీతానికి సిద్ధపడినా స్పెయిన్ లీగ్ ఆర్థిక నియమాలు అడ్డొచ్చి బార్సిలోనా వదిలాడు, ఏడుస్తూ. 2025 ఆగస్టులో ఐఎస్‌ఎల్ (మన ఇండియన్ సూపర్ లీగ్) జరుగుతుందో లేదో తేలక బెంగళూరు ఎఫ్‌సీ సీనియర్ జట్టు జీతాలు ఆపింది. క్లబ్‌ని తప్పుపట్టను. కానీ ఆ నెల ప్లేయర్ ఈఎంఐకి ప్రేమ సరిపోదుగా?

ఏజెంట్ల కమిషన్ ఇంకో వీడియోలో. అన్నట్టు, చాలా కాంట్రాక్టుల్లో "లాయల్టీ బోనస్" అని ఒక లైన్ ఉంటుంది. ఆ విశ్వాసానికీ రేటు రాసే ఉంటుంది. మావాడికి ఈ ముక్క ఇంకా చెప్పలేదు, వీడియో లింకే పంపిస్తా.