వేలిముద్ర వేసే ముందు ఆ పద్నాలుగు పేజీలు

నమస్కారం. నరసన్నపేట దగ్గర పల్లెలో ఉండే మా పెద్దమ్మను ఈ మధ్య విశాఖలోని క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్లాను. అంగిలి మీద పుండు. ముప్పై ఏళ్లు అడ్డపొగ తాగింది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే ఈ అలవాటు మన శ్రీకాకుళం జిల్లాలో ఎవరికీ కొత్త కాదు. ఆపరేషన్, కరెంటు వైద్యం (రేడియేషన్) అన్నీ అయ్యాక జబ్బు తిరగబెట్టింది. డాక్టరు గారు పద్నాలుగు పేజీల కాగితాలు ముందు పెట్టి, "కొత్త చికిత్స మీద ట్రయల్ జరుగుతోంది, ఇష్టమైతే చేరవచ్చు" అన్నారు. చివరి పేజీలో వేలిముద్ర కోసం చిన్న గడి.

"నా మీద ప్రయోగాలు చేస్తారా బాబూ?" అంది పెద్దమ్మ.

ఆ భయాన్ని నేను తక్కువగా చూడను. అయితే కొత్త మందు ఏదైనా ఒక్కసారిగా అందరి దగ్గరకూ రాదు. మొదటి దశలో కొద్దిమందికే ఇచ్చి, ఎంత మోతాదు తట్టుకోగలరో చూస్తారు. రెండో దశలో గడ్డ మీద పనిచేస్తోందా అని చూస్తారు. మూడో దశలో ఇప్పుడున్న వైద్యంతో పోలుస్తారు. మనవాళ్లకు మింగుడుపడనిది ఈ మూడోదే. ఎవరికి కొత్త మందు, ఎవరికి పాతది అన్నది డాక్టరు కాదు, కంప్యూటర్ చీటీ తీసినట్టు తేలుస్తుంది. "సగం మందికి అన్యాయం కాదా?" అని అడుగుతారు.

ముంబయి టాటా మెమోరియల్‌లో జరిగిన ఒక ట్రయల్ చెబుతాను. తల, మెడ క్యాన్సర్ ముదిరి, నయం కాదని తేలిన 151 మంది చేరారు. అందరికీ అక్కడ వాడే మూడు రకాల మాత్రలు ఇచ్చారు. 76 మందికి వాటితోపాటు నివోలుమాబ్ అనే ఖరీదైన ఇంజెక్షన్ ఇచ్చారు. మామూలుగా రెండు వారాలకు 240 మిల్లీగ్రాములు ఇచ్చే మందును మూడు వారాలకు 20 మిల్లీగ్రాములే ఇచ్చారు. ఏడాది తర్వాత బతికున్నవారు మాత్రలు మాత్రమే తీసుకున్నవారిలో 16.3 శాతం, ఇంజెక్షన్ కలిపినవారిలో 43.4 శాతం. మిగతా 75 మంది లేకుండా ఆ తేడా ఎవరికీ తెలిసేది కాదు. పేదవాడికి అందే మోతాదు కూడా పనిచేస్తుందని మనకు చెప్పినవాళ్లు ఆ 151 మంది. నాకైతే వాళ్ల రుణం తీర్చుకోలేనిది.

మన జిల్లావాళ్లకు కూడా ఇలాగే రుణపడి ఉన్నాం. ఒకప్పుడు శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ పల్లెల్లో పొగాకు వాడే 36 వేల మందికి పైగా నోళ్లు తెరిచి నోటి క్యాన్సర్ పరీక్షలకు ఒప్పుకున్నారు. ఆ ఫలితాలు 1986లో ల్యాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి.

ఇక కాగితాల సంగతి. మీకు అర్థమయ్యే భాషలోనే ఇవ్వాలి. చదవలేనివారికైతే పరిశోధకులతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. కొత్త మందుల ట్రయల్స్ మీద కేంద్రం తెచ్చిన 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి, పరిహారం ఇవ్వాలి. 2009 నుంచి ప్రతి ట్రయల్ సీటీఆర్ఐలో, అంటే దేశంలోని ట్రయల్స్ వివరాలుండే ప్రభుత్వ జాబితాలో, నమోదు కావాలి. ఆ నంబరు అడగండి, ఇంటర్నెట్‌లో చూసుకోండి. పరిశోధన కోసం అదనంగా చేసే పరీక్షలకు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. నంబరు లేకుండా లక్షలు అడిగి "సరికొత్త చికిత్స" అనేవాళ్ల గుమ్మం ఎక్కకండి. పొలం అమ్మి అలాంటి చోట కట్టినవాళ్లను చూశాను, గుండె తరుక్కుపోయింది.

పెద్దమ్మకు ఒక్కొక్క పేజీ చదివి వినిపించాను. రెండు గంటలు పట్టింది. అంతా విని డాక్టరు గారిని ఒకటే అడిగింది: "మధ్యలో వద్దంటే మళ్లీ నన్ను మీరే చూస్తారా?"

"చూస్తానమ్మా. ఎప్పుడు వద్దన్నా మీ మామూలు వైద్యం ఆగదు" అన్నారాయన. అదే మాట ఆరో పేజీలో రాసి ఉంది. ఆ పేజీ మడతపెట్టి గుర్తు పెట్టుకుంది. ఆ రోజు వేలిముద్ర వేయలేదు. కాగితాలు సంచిలో పెట్టుకుని, "మీ పెదనాన్నతో ఒక మాట చెప్పి వస్తాను" అని బస్సెక్కింది.