కాలేజీ ఖర్చు: మా అమ్మాయితో కలిసి వేస్తున్న నాలుగేళ్ల లెక్క

నమస్కారం అండి. మా అమ్మాయి పదకొండో తరగతికి వచ్చింది. ఇక్కడ అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో సాధారణంగా పన్నెండో తరగతి చివర్లో, సీట్లు వచ్చాక డబ్బు మాట మొదలవుతుంది. అప్పటికే పిల్లల మనసు ఏదో ఒక కాలేజీ మీద పడిపోయి ఉంటుంది. ఆ సమయంలో అంకె చూపించి వద్దనడం తల్లిదండ్రులకూ పిల్లలకూ నరకమే. అందుకే దరఖాస్తులకు ముందే తనను పక్కన కూర్చోబెట్టుకుని లెక్క వేస్తున్నాం. స్క్రీన్ మీద ఉన్నది ఆ పట్టికే.

మొదటి గడిలో ట్యూషన్ ఫీజు ఒక్కటే రాయకండి. ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో 'కాస్ట్ ఆఫ్ అటెండెన్స్' అనే మొత్తం ఉంటుంది. ట్యూషన్, ఇతర ఫీజులు, వసతి, భోజనం, పుస్తకాలు, ప్రయాణాలు, చేతి ఖర్చులు అన్నీ అందులోకి వస్తాయి. పక్క రాష్ట్రంలోని కాలేజీతో పోల్చాల్సింది ఆ మొత్తాన్నే.

అయితే అది అందరూ కట్టే ధర అనుకోవద్దు. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సహాయం తీసుకునే ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ (నికర ధర) కాలిక్యులేటర్ పెట్టాలన్న నిబంధన 2011 నుంచి అమల్లో ఉంది. మీ ఆదాయం, ఆస్తుల వివరాలు ఇస్తే మీ కుటుంబానికి ఎంత పడుతుందో అది అంచనా చెబుతుంది. ఎక్కువ ప్రశ్నలు అడిగే కాలిక్యులేటర్‌నే నేను ఎక్కువ నమ్ముతాను. ఆస్తుల గురించి అసలు అడగనిది ఇచ్చే అంకె చాలా ఉజ్జాయింపుగా ఉంటుంది. హార్వర్డ్ 2025-26 నుంచి 2 లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు ట్యూషన్ ఉచితం చేసింది. కానీ భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇళ్లు చాలావరకు ఆ గీత దాటేస్తాయి. అవసరాన్ని బట్టి మాత్రమే సాయం చేసే కాలేజీల్లో అలాంటి వారికి పూర్తి ధర పడవచ్చు. ప్రతిభకు స్కాలర్‌షిప్ ఇచ్చే కాలేజీలు కూడా జాబితాలో ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

తర్వాత ఏడాది అంకెను నాలుగుతో గుణించి ఊరుకోకండి. ఈ ఏడాది 40,000 డాలర్లు అనుకుందాం. ఏటా 4 శాతం పెరిగితే నాలుగేళ్లకు 1,60,000 కాదు, దాదాపు 1,70,000 అవుతుంది. ఇంకో మాట. కాలేజీలు చెప్పే గ్రాడ్యుయేషన్ రేటు సాధారణంగా ఆరేళ్లలో పూర్తి చేసినవారిది. నాలుగేళ్లలో బయటపడేవారు ఎందరో వేరుగా అడగండి. అదనంగా పట్టే ప్రతి సెమిస్టరుకూ డబ్బు మనమే కట్టాలి కదా.

ఇప్పుడు మన కుటుంబాలను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే విషయం, వీసా. ఇక్కడ చాలా అపోహలున్నాయి. ఫెడరల్ సహాయానికి చూసేది విద్యార్థి హోదానే, తల్లిదండ్రులది కాదు. మీరు హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నా, ఇక్కడే పుట్టిన మీ పాప పౌరురాలు కాబట్టి ఫాఫ్సా (ఫెడరల్ సహాయానికి పెట్టే దరఖాస్తు ఫారం) నింపవచ్చు. చిన్నప్పుడు వచ్చి హెచ్-4 (హెచ్-1బీ వారి కుటుంబానికిచ్చే వీసా) మీద పెరిగిన పిల్లలకు ఆ దారి లేదు. ఒకే ఇంట్లో అక్కకు ఒక లెక్క, తమ్ముడికి ఒక లెక్క! గ్రీన్ కార్డు వరుసలో ఏళ్ల తరబడి నిలబడిన తల్లిదండ్రులకు ఇది ఎంత బాధో నేను దగ్గరగా చూస్తున్నాను. హెచ్-4 పిల్లలకు చాలా రాష్ట్రాల పబ్లిక్ యూనివర్సిటీల్లో స్థానిక ఫీజు (ఆ రాష్ట్రంవారికి ఉండే తక్కువ ఫీజు) దొరుకుతుంది గానీ, నిబంధనలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి. 21 ఏళ్లు నిండితే హెచ్-4 పోతుంది, సాధారణంగా ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారాలి. డిగ్రీ మధ్యలో అలా మారితే స్థానిక ఫీజు ఉంటుందా పోతుందా అన్నది చేరకముందే యూనివర్సిటీని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. హెచ్-4 మీద పిల్లలు క్యాంపస్‌లో కూడా ఉద్యోగం చేయకూడదు. కాబట్టి వారి పట్టికలో సంపాదన గడి సున్నా.

ఆస్తుల విషయానికి వద్దాం. మీరుండే ఇల్లు, రిటైర్మెంట్ ఖాతాలు ఫాఫ్సా లెక్కలోకి రావు. ఇండియాలో కొన్న స్థలం, అద్దెకిచ్చిన ఫ్లాటు వస్తాయి. చాలామంది దీన్ని అసలు ఊహించరు. తల్లిదండ్రుల పేరున ఉన్న పొదుపులో గరిష్ఠంగా 5.64 శాతం, పిల్లల పేరున ఉన్నదాంట్లో 20 శాతం చదువుకు అందుబాటులో ఉన్నట్టు లెక్కిస్తారు. చదువు కోసం పొదుపు చేసే 529 ఖాతా తల్లిదండ్రులదైతే మొదటి కోవలోకే వస్తుంది. దానిలో పెరిగిన డబ్బును చదువుకు వాడితే ఫెడరల్ పన్ను లేదు. అయితే విమాన టికెట్లకూ ఆరోగ్య బీమాకూ అది పనికిరాదు. వాటికి వేరే డబ్బు ఉంచుకోండి. బీమా చార్జీని చాలా యూనివర్సిటీలు బిల్లులో వాటంతటవే కలిపేస్తాయి. మీ కుటుంబ బీమా ఉంటే గడువు లోపల మినహాయింపు కోరాలి. ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే దొరికే ఊరట కూడా 2024-25 నుంచి ఫాఫ్సా సూత్రంలో లేదు.

సీటుతో పాటు వచ్చే సహాయం ఉత్తరాన్ని మాత్రం పెన్సిలు పట్టుకుని చదవాలి. దాదాపు 91 శాతం కాలేజీలు తమ ఉత్తరాల్లో నికర ధరను చూపడం లేదనో, తక్కువ చేసి చూపుతున్నాయనో అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం (జీఏఓ) 2022లో తేల్చింది. అప్పును కూడా సహాయం కిందే రాసేస్తారు. మొత్తం ఖర్చులోంచి గ్రాంటులు, స్కాలర్‌షిప్‌లు మాత్రమే తీసివేయండి. మిగిలేదే మీ ధర. విద్యార్థి పేరున ఇచ్చే ఫెడరల్ అప్పు తల్లిదండ్రుల మీద ఆధారపడినవారికి మొదటి ఏడాది 5,500, నాలుగేళ్లకు కలిపి 27,000 డాలర్లు. అంతకు మించి ఎంత అప్పు కావాలన్నా సంతకం సాధారణంగా అమ్మానాన్నలదే. స్కాలర్‌షిప్ నిలవాలంటే ఎంత జీపీఏ ఉండాలో కూడా పక్కనే రాసుకోండి.

చివరగా, ఉద్యోగాలు పోతున్న ఈ కాలంలో ఇది తప్పక తెలియాలి. 2026-27 ఫాఫ్సా చూసేది 2024 ఆదాయాన్ని. ఆ తర్వాత జీతం పోయినా ఫారానికి తెలియదు. ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు రాసి, ఉద్యోగం పోయిన ఉత్తరం, ప్రస్తుత ఆదాయం కాగితాలు జతచేసి, మళ్లీ లెక్కించమని అడిగే వీలుంది. మొహమాటపడకండి. చాలా కాలేజీలకు మే 1 లోపల సీటు ఖాయం చేయాలి కాబట్టి, ఉత్తరం చేతికి రాగానే ఆ అర్జీ పంపేయండి.