కట్టేది అక్క, కూల్చేది తమ్ముడు

శ్రోతలకు నమస్కారం. మాట మొదలుపెట్టే ముందు ఒక చప్పుడు వినిపిస్తాను. వినండి... టక్!

నా చేతిలో అరచేయంత ప్లాస్టిక్ పలకలు రెండున్నాయి. ఒకదాని అంచు దగ్గరికి ఇంకోటి తెచ్చానంతే, అతుక్కున్నాయి. పిల్లలు అంచులు కలిపి కట్టుకునే ఈ ఆటవస్తువుల్ని మ్యాగ్నెటిక్ టైల్స్, అంటే అయస్కాంతపు పలకలు, అంటున్నారు. మా ఇంట్లో సాయంత్రమైతే ఈ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. కాసేపటికి ఇంకో చప్పుడు, గోడ మొత్తం కూలింది!

మా పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు నాలుగు. ఇద్దరికీ కలిపి ఒక బొమ్మ కొనడమంటే ఇద్దరికీ ఒకే సైజు చొక్కా కొన్నట్టే. వాడి చెక్క దిమ్మలు దానికి చప్పగా ఉంటాయి. దాని బుల్లి బుల్లి ముక్కల సెట్టు వాడి చేతికిస్తే నోట్లో పెట్టుకుంటాడేమోనని నాకు టెన్షన్.

ఈ పలకల కిటుకంతా అంచుల్లో ఉంది. అయస్కాంతాల్లో ఒకే రకం ధ్రువాలు వికర్షించుకుంటాయని బడిలో చదువుకున్నాం కదా. మరి వీటిని ఎటు తిప్పి పెట్టినా ఎలా అతుక్కుంటున్నాయి? చాలా రకాల్లో అంచు లోపల చిన్న చిన్న గూళ్లుంటాయి. వాటిలో అయస్కాంతాలు పెన్సిల్ ముక్కల్లా వదులుగా దొర్లుతుంటాయి. ఎదురుగా తనలాంటి ధ్రువమే వస్తే లోపలిది గిర్రున తిరిగి రెండో మొహం చూపిస్తుంది. అందుకే నాలుగేళ్లవాడు ఎలా పెట్టినా తప్పు కాదు.

మొదట్లో నేనో తెలివితక్కువ పని చేశాను. గొడవ ఉండదు కదా అని అరవై పలకల్ని చెరో ముప్పై పంచాను. దాని కోటకు పైకప్పు చాలలేదు. వాడివి సగం సోఫా కిందికి చేరాయి. మూడోరోజు పాపే ఒప్పందం కుదుర్చుకుంది: “నేను కడతా, నువ్వు కూల్చు. కానీ నేను చెప్పినప్పుడే.” వాడికి కావలసిందీ అదే! కూలినా ఇవి పేకమేడలా చెల్లాచెదురు కావు. నాలుగైదు పలకలు అతుక్కునే ఉండి, మడతపడి వాలతాయి. మళ్లీ లేపడానికి ఎంతోసేపు పట్టదు. కూల్చినా ఏడుపు రాని ఆట మా ఇంట్లో ఇదొక్కటే.

అతుక్కున్న రెండు పలకలు తలుపు బందులా మడుచుకుంటాయి. ఆరు చతురస్రాల్ని శిలువ ఆకారంలో పరిచి మడిస్తే మూతతో సహా పెట్టె తయారు. శిలువ ఒక్కటే అనుకునేరు. పెట్టెగా మడవడానికి ఆరింటినీ పరిచే పద్ధతులు మొత్తం 11 ఉన్నాయి. పాప ఇప్పటికి ఏడు పట్టుకుంది. మిగతా నాలుగూ ఎంత అడిగినా నేను చెప్పలేదు. సమబాహు త్రిభుజాలు నాలుగైతే చిన్న పిరమిడ్, ఇరవై పోగైతే ఇంచుమించు బంతి.

చిన్నవాడి పరిశోధన వేరు. పలక పట్టుకుని ఇల్లంతా తిరుగుతాడు. బీరువాకు అతికింది. ఇత్తడి చెంబుకు అతకలేదు. స్టీలు గిన్నెల్లో కొన్నిటికి అతికి, కొన్నిటికి అతకలేదు. “అమ్మా, ఇది స్టీలు కాదా?” అన్నాడు. స్టీలే నాన్నా! నికెల్ ఎక్కువ కలిసిన స్టీలును అయస్కాంతం సాధారణంగా లాగదు. ఈ జవాబు కోసం నేనూ పుస్తకం తిరగేయాల్సి వచ్చిందనుకోండి.

ఇక కొనేటప్పుడు. ఈ ఒక్కచోట నేను చాదస్తంగానే ఉంటాను. పలక పగిలి లోపలి అయస్కాంతం బయటికొస్తే, పసివాళ్లు అలాంటివి రెండు మింగితే, పేగు మడతల అటూ ఇటూ నిలిచి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మధ్యలో పేగు నలిగి చిల్లుపడుతుంది. మింగాడని అనుమానం వచ్చినా సరే, కడుపునొప్పి వచ్చేదాకా చూడకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఆటవస్తువులకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. పెట్టె మీద ఆ గుర్తూ, ఏ వయసు వాళ్లకన్నదీ చూడండి. వారానికోసారి పలకల అంచులు వేలితో తడిమి, సన్నటి పగులున్నా అది ఆటలోకి రాకుండా తీసేయండి. అతికించి వాడదామనుకోకండి.

రాత్రి సర్దేటప్పుడు ఒక పలక ఎప్పుడూ తక్కువొస్తుంది. మీ ఇంట్లో ఇనుప మంచం ఉంటే ముందు దాని కోళ్లు చూడండి. మాది అక్కడే అతుక్కుని ఉంటుంది. ఉంటానండీ, నమస్కారం.